ఇంటి రౌటర్ సెట్టింగ్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

మన ఊళ్లలో ఇప్పుడు ఎక్కువ ఇళ్లకు వస్తున్నది ఫైబర్ కనెక్షనే కాబట్టి జవాబులన్నీ దాన్ని దృష్టిలో పెట్టుకుని రాశాం. కంపెనీని బట్టి మెనూల పేర్లు కొంచెం మారతాయి, పని మాత్రం ఒకటే. సెట్టింగ్స్‌లో ఏది మార్చబోయినా ముందు ఆ పేజీని ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. మార్చాక నెట్ పోతే పాత విలువలు మళ్లీ ఎక్కించడానికి అదే తేలికైన దారి.

సెట్టింగ్స్ పేజీ తెరవాలంటే ఇంటర్నెట్ ఉండాలా?

అక్కర్లేదు. ఆ పేజీ రౌటర్ లోపలే ఉంటుంది. రీచార్జ్ అయిపోయినా, ఫైబర్ తెగినా తెరుచుకుంటుంది. మీ ఫోను గానీ కంప్యూటర్ గానీ ఆ రౌటర్‌కు వైఫైతోనో వైరుతోనో కలిసి ఉంటే చాలు.

మా రౌటర్ అడ్రస్ ఎంతో ఎలా తెలుస్తుంది?

సెట్టింగ్స్ పేజీ తెరవడానికి బ్రౌజర్‌లో కొట్టే అంకెలే రౌటర్ అడ్రస్. ముందు రౌటర్ అడుగున ఉన్న స్టిక్కర్ చూడండి. జియోఫైబర్ బాక్సులకు 192.168.29.1, ఎయిర్‌టెల్ బాక్సులకు 192.168.1.1, డీ-లింక్, టెండా, కొత్త టీపీ-లింక్ రౌటర్లలో ఎక్కువ వాటికి 192.168.0.1, షావోమీకి 192.168.31.1, హువావే ఓఎన్‌టీలకు (ఫైబర్ నేరుగా దిగే బాక్సులకు) చాలావరకు 192.168.100.1 ఉంటుంది.

స్టిక్కర్ చెరిగిపోయినా, ఎవరైనా అడ్రస్ మార్చేసినా ఊహించి కొట్టక్కర్లేదు, మీ ఫోనే చెబుతుంది. ఆండ్రాయిడ్‌లో వైఫై సెట్టింగ్స్‌లోకి వెళ్లి, కనెక్ట్ అయి ఉన్న పేరు పక్కనున్న చక్రం గుర్తు నొక్కితే వివరాల్లో 'గేట్‌వే' అని కనబడుతుంది. ఐఫోన్‌లో పేరు పక్కనున్న 'ఐ' గుర్తు నొక్కి 'రౌటర్' అన్న వరుస చూడండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొడితే 'డీఫాల్ట్ గేట్‌వే' ఎదురుగా వస్తుంది.

మీ కంప్యూటర్ సొంత అడ్రస్ 169.254తో మొదలైతే దానికి రౌటర్ నుంచి అడ్రసే అందలేదన్నమాట. వైరు సరిగ్గా దిగలేదేమో చూడండి, వైఫై అయితే ఆపి మళ్లీ వేయండి. అది సరి కానిదే సెట్టింగ్స్ పేజీ రాదు.

అడ్రస్ సరిగ్గానే కొట్టాను, అయినా పేజీ రావట్లేదు. ఎందుకు?

కారణాలు నాలుగైదు ఉంటాయి. వరుసగా చూసుకుంటూ రండి.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది మొబైల్ డేటా వల్ల. వైఫైలో నెట్ లేదని గమనించగానే ఫోను గుట్టుగా మొబైల్ డేటాకు మారిపోతుంది. అప్పుడు మీరు కొట్టిన అడ్రస్ సిమ్ కంపెనీ వైపు వెళ్తుంది, అక్కడ దానికి జవాబిచ్చేవాళ్లు లేరు. మొబైల్ డేటా ఆపేసి మళ్లీ ప్రయత్నించండి. వీపీఎన్ యాప్ నడుస్తుంటే దాన్నీ ఆపండి.

రెండోది, అడ్రస్‌ను బ్రౌజర్ పైనున్న అడ్రస్ బార్‌లో కాకుండా గూగుల్ వెతికే పెట్టెలో కొట్టడం. సున్నా బదులు 'ఓ' అక్షరం, ఒకటి బదులు చిన్న 'ఎల్' పడినా పేజీ రాకుండా గూగుల్ ఫలితాలే వస్తాయి.

టీపీలింక్‌వైఫై డాట్ నెట్ లాంటి పేర్లు కొడుతుంటే వాటిని మానేసి అంకెల అడ్రస్ కొట్టండి. ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ (సైటు పేరును అంకెల అడ్రస్‌గా మార్చే సేవ) పెట్టుకున్నవాళ్లకు ఆ పేర్లు పనిచేయకపోవచ్చు, అంకెలకు ఆ గొడవ లేదు.

కొన్ని బాక్సులు ఒకసారికి ఒక్కరినే లోపలికి రానిస్తాయి. కంప్యూటర్‌లో లాగిన్ అయి అలాగే వదిలేస్తే ఫోన్‌లో తెరుచుకోదు. లాగౌట్ చేయండి, లేదా కాసేపు ఆగండి. ఇంకా కొన్ని రౌటర్లు గెస్ట్ వైఫైలో (అతిథుల కోసం విడిగా పెట్టే వైఫైలో) ఉన్నవాళ్లకు సెట్టింగ్స్ పేజీ అసలు చూపించవు, కాబట్టి అసలు వైఫైకే కలవండి. ఇవన్నీ చూశాక కూడా రాకపోతే కరెంటు తీసి, పది సెకన్లు ఆగి, మళ్లీ పెట్టి రెండు నిమిషాల తర్వాత చూడండి.

'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అని బ్రౌజర్ హెచ్చరిస్తోంది. ముందుకు వెళ్లవచ్చా?

మీ ఇంటి రౌటర్ అడ్రసే అయితే వెళ్లవచ్చు. ఆ పేజీకి సర్టిఫికెట్‌ను, అంటే గుర్తింపు పత్రాన్ని, రౌటర్ తనకు తానే ఇచ్చుకుంటుంది, బ్రౌజర్ దాన్ని గుర్తించదు. 'అడ్వాన్స్‌డ్' నొక్కితే ముందుకు వెళ్లే లింక్ ఉంటుంది. ఇదే హెచ్చరిక బ్యాంకు సైటుకు వస్తే మాత్రం వెంటనే వెనక్కి రండి.

యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది. వైఫై పాస్‌వర్డ్ కొడితే తప్పు అంటోంది.

ఆ రెండూ వేరు. వైఫై పాస్‌వర్డ్ ఫోను కలవడానికి, అడ్మిన్ పాస్‌వర్డ్ సెట్టింగ్స్ మార్చడానికి. స్టిక్కర్ మీద సాధారణంగా రెండూ విడివిడిగా రాసి ఉంటాయి. పాత రౌటర్లలో రెండు చోట్లా అడ్మిన్ అనే మాటే ఉండేది. పాత డీ-లింక్‌లలో యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ ఖాళీ. కొత్త టీపీ-లింక్‌లు మొదటిసారి తెరిచినప్పుడు మిమ్మల్నే పాస్‌వర్డ్ పెట్టుకోమంటాయి.

ఫోన్‌లో కొట్టేటప్పుడు ఒక ఇబ్బంది ఉంది. కీబోర్డు మొదటి అక్షరాన్ని దానంతటదే పెద్దక్షరం చేస్తుంది, చివర ఒక ఖాళీ చేరుస్తుంది. పాస్‌వర్డ్ కనబడే కన్ను గుర్తు నొక్కి సరిచూసుకోండి. వరుసగా తప్పు కొడితే చాలా రౌటర్లు కాసేపు తలుపు మూసేస్తాయి.

స్టిక్కర్ మీది పాస్‌వర్డ్ పనిచేయకపోతే, కనెక్షన్ పెట్టిన రోజే టెక్నీషియన్ దాన్ని మార్చి ఉంటాడు. ఏరియా మొత్తానికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టే అలవాటు లోకల్ ఆపరేటర్లకు ఉంది. ఆయనకు ఫోన్ చేసి అడిగి తీసుకోండి, ఆ తర్వాత మీకు నచ్చింది పెట్టుకోండి.

పాస్‌వర్డ్ మర్చిపోయాను. రీసెట్ కొట్టేయనా?

ఆగండి. ఇంటి రౌటర్ల విషయంలో పెద్ద నష్టం జరిగేది ఇక్కడే.

రీసెట్ అంటే ఆపి వేయడం కాదు. గుండుసూదితో ఆ చిన్న రంధ్రంలో దాదాపు పది సెకన్లు నొక్కి పట్టుకుంటే రౌటర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్థితికి వెళ్లిపోతుంది. వైఫై పేరు, పాస్‌వర్డ్ పోతే మళ్లీ పెట్టుకోవచ్చు. కానీ నెట్ రావడానికి ఆపరేటర్ ఎక్కించిన పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబరు కూడా పోతాయి. అవి మీ దగ్గర రాసి లేకపోతే ఆపరేటర్ వచ్చేదాకా నెట్ ఉండదు. ఆదివారం సాయంత్రం ఆయన ఫోన్ ఎత్తకపోతే సోమవారం దాకా ఆగాల్సిందే.

కాబట్టి ముందు బాక్సు ఎవరిదో చూడండి. అది మీరు బజార్లో కొన్న రౌటరై, ఫైబర్ వేరే బాక్సులోకి వస్తుంటే ధైర్యంగా రీసెట్ చేసుకోవచ్చు. పీపీపీఓఈ వివరాలు ఈ రౌటర్‌లోనే ఉంటే మాత్రం వాటిని ఆపరేటర్ నుంచి ముందే తెప్పించుకోండి. ఫైబర్ నేరుగా దిగే బాక్సును, అంటే ఓఎన్‌టీని, ఆపరేటర్ చెప్పకుండా రీసెట్ చేయకండి. పెద్ద కంపెనీల బాక్సులు కొన్ని రీసెట్ తర్వాత సెట్టింగ్స్‌ను దూరం నుంచి తామే తెచ్చుకుంటాయి, చిన్న కేబుల్ ఆపరేటర్ల బాక్సుల్లో ఆ ఏర్పాటు ఉండకపోవచ్చు.

ఒకవేళ రీసెట్ చేయాల్సే వస్తే, కరెంటు ఆన్‌లో ఉండగా నొక్కాలి, లైట్లన్నీ ఒక్కసారి ఆరి వెలిగేదాకా వదలకూడదు. కొన్ని మోడళ్లలో రీసెట్‌కూ, డబ్ల్యూపీఎస్‌కూ (పాస్‌వర్డ్ కొట్టకుండా వైఫైకి కలిపే ఏర్పాటు) ఒకటే బటన్ ఉంటుంది. ఒకసారి నొక్కి వదిలితే డబ్ల్యూపీఎస్, పట్టుకునే ఉంటే రీసెట్.

ఇంట్లో రెండు బాక్సులున్నాయి: ఆపరేటర్ ఇచ్చింది ఒకటి, మేం కొన్నది ఒకటి. ఏ దాంట్లో మార్చాలి?

రెండు బాక్సులూ రౌటర్లుగా పనిచేస్తుంటే ఒకదాని వెనక ఒకటి అడ్రసులు పంచుతుంటాయి. పై గదిలో ఒక బాక్సుకు కలిసిన ఫోను నుంచి కింద హాల్లో ఇంకో బాక్సుకు కలిసిన టీవీకి కాస్ట్ చేయబోతే టీవీ కనబడదు, ప్రింటర్ దొరకదు. రెండింటి అడ్రసూ 192.168.1.1 అయితే ఇంకా కష్టం. ఆ అడ్రస్ బయట ఉందా లోపల ఉందా అన్నది రెండో రౌటర్‌కు తేలదు, దాంతో నెట్టే రాదు. కొత్త మోడళ్లు ఇది గమనించి తమ అడ్రస్‌ను వాటంతటవే మార్చుకుంటాయి, పాతవాటిలో మీరే మార్చాలి.

దారులు రెండు. మొదటిది, ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని చేయకుండా నెట్‌ను మీ రౌటర్‌కు అందించేలా) పెట్టించి, పీపీపీఓఈ వివరాలు మీ రౌటర్‌లో ఎక్కించడం. మంచి రౌటర్ కొన్నవాళ్లకు ఇదే బాగుంటుంది, కానీ ఆపరేటర్ ఒప్పుకోవాలి. ల్యాండ్‌లైన్ ఫోను గానీ టీవీ బాక్సు గానీ ఓఎన్‌టీకి తగిలించి ఉంటే, బ్రిడ్జ్ పెట్టాక అవి పనిచేస్తాయో లేదో ముందే అడగండి.

రెండోది మీ చేతిలో పని: మీ రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే అడ్రసులు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చేదిగా, మార్చడం. మెనూలో 'ఆపరేషన్ మోడ్' ఉంటే అందులో యాక్సెస్ పాయింట్ ఎంచుకుంటే అయిపోతుంది. అది లేని పాత రౌటర్‌కు ఇలా చేయండి. దాన్ని మిగతా వాటినుంచి విడదీసి, ఒక్క కంప్యూటర్‌కే వైరుతో కలపండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టండి. ల్యాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) సెట్టింగ్స్‌లో అడ్రస్‌ను, ఓఎన్‌టీది 192.168.1.1 అయితే, 192.168.1.2గా మార్చండి. సేవ్ చేయగానే పేజీ పోతుంది, కంగారు పడకుండా కొత్త అడ్రస్ కొట్టి మళ్లీ లాగిన్ అవండి. ఇప్పుడు డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచే పని) ఆపేయండి. చివరగా ఓఎన్‌టీ ల్యాన్ పోర్టు నుంచి ఈ రౌటర్ ల్యాన్ పోర్టుకు వైరు పెట్టండి. నీలం రంగులోనో విడిగానో ఉండే వ్యాన్ (బయటినుంచి నెట్ తీసుకునే) పోర్టులో పెట్టకూడదు. ఈ పద్ధతి కుదరలేదని చెప్పేవాళ్లలో చాలామంది వైరు వ్యాన్‌లోనే గుచ్చి ఉంటారు.

వైఫై పాస్‌వర్డ్ మార్చగానే అన్నీ డిస్కనెక్ట్ అయిపోయాయి. తప్పు చేశానా?

లేదు, అలాగే అవ్వాలి. ప్రతి ఫోన్‌లో, టీవీలో, కెమెరాలో కొత్త పాస్‌వర్డ్ కొట్టాలి. ఫోన్ పాత పాస్‌వర్డ్‌తోనే పదే పదే ప్రయత్నిస్తుంటే ఆ వైఫై పేరును 'ఫర్గెట్' చేసి కొత్తగా కలపండి. పాస్‌వర్డ్ ఎనిమిది నుంచి 63 అక్షరాల దాకా ఉండవచ్చు. పొడవుగా ఉండటం ముఖ్యం. ఫోన్ నంబరు, ఇంటిపేరు, పిల్లల పేర్లు వద్దు. రౌటరే మార్చినప్పుడు కొత్తదానికి పాత పేరు, పాత పాస్‌వర్డ్, అదే రకం సెక్యూరిటీ పెడితే ఇంట్లో వస్తువులు చాలావరకు వాటంతటవే కలుస్తాయి.

సెక్యూరిటీలో డబ్ల్యూఈపీ, డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 అని ఉన్నాయి. ఏది పెట్టాలి?

ఇవి వైఫైకి వేసే తాళాల రకాలు. డబ్ల్యూపీఏ2, దానితో ఏఈఎస్ పెట్టండి. ఇంట్లో అన్నీ కొత్త ఫోన్లే అయితే డబ్ల్యూపీఏ3 పెట్టవచ్చు, కానీ పాత ప్రింటర్లు, టీవీలు దానికి కలవవు. డబ్ల్యూఈపీని నిమిషాల్లో పగలగొట్టవచ్చు. ఏఈఎస్ బదులు పాతదైన టీకేఐపీ పెడితే భద్రత తగ్గడం ఒక్కటే కాదు, వేగం 54 ఎంబీపీఎస్ దాటదు.

డబ్ల్యూపీఎస్ ఆపేయండి. దాని ఎనిమిది అంకెల పిన్‌ను రౌటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుందని 2011లో బయటపడింది. దాంతో పది కోట్ల ప్రయత్నాలు పట్టాల్సింది పదకొండు వేలకు పడిపోయింది.

పాస్‌వర్డ్ లేకుండా వైఫై వదిలేయడం మర్యాదగా అనిపించినా ప్రమాదం. 2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్లకు ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్ నవీ ముంబైలో ఒక ఇంటి వైఫై నుంచి వెళ్లిందని తేలి, ఆ ఇంటాయన్ని ప్రశ్నించారు. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంటే పోలీసులు ముందు వారి తలుపే తడతారు.

పక్కింటివాళ్లు మా వైఫై వాడుతున్నారేమో ఎలా తెలుసుకోవాలి? బ్లాక్ చేయవచ్చా?

'కనెక్టెడ్ డివైసెస్' లేదా 'డీహెచ్‌సీపీ క్లయింట్స్' జాబితా చూడండి. గుర్తుపట్టలేని పేరు కనబడగానే దొంగ అనుకోకండి. స్మార్ట్ బల్బులు, సెట్‌టాప్ బాక్సులు వింత పేర్లతో కనబడతాయి. ఇంట్లో ఒక్కొక్కటీ ఆపుతూ జాబితాలోంచి ఏది పోతోందో చూస్తే తేలిపోతుంది.

మ్యాక్ అడ్రస్‌తో (ప్రతి ఫోనుకూ, కంప్యూటర్‌కూ ఉండే గుర్తింపు నంబరుతో) బ్లాక్ చేయడం ఇప్పుడు అంతగా పనిచేయదు. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ అడ్రస్ దాచి వేరేది చూపిస్తున్నాయి. మీరు బ్లాక్ చేస్తే వాళ్లు ఆ సెట్టింగ్ మార్చి ఇంకో అడ్రస్‌తో రాగలరు. పాస్‌వర్డ్ మార్చడమే సరైన మందు. వచ్చేపోయే చుట్టాలకు గెస్ట్ వైఫై పెట్టి, దాని పాస్‌వర్డ్ ఇవ్వండి.

పిల్లల ఫోన్‌కు రాత్రి పదికి నెట్ ఆపాలి.

'పేరెంటల్ కంట్రోల్'లో ఆ ఫోను ఎంచుకుని సమయం పెట్టండి. పైన చెప్పిన కారణం వల్లే, ముందు ఆ ఫోన్‌లో మీ వైఫైకి ప్రైవేట్ మ్యాక్ ఆపి అసలు మ్యాక్ వాడేలా మార్చాలి. రౌటర్ గడియారం కూడా చూడండి. టైమ్ జోన్ జీఎంటీ+5:30 కాకుండా వేరేది ఉంటే నెట్ ఆగే వేళ గంటలకొద్దీ తేడాగా ఉంటుంది. ఇక ఫోన్‌లో సిమ్ డేటా ఉంటే రౌటర్ చేయగలిగింది ఏమీ లేదు.

2.4, 5 గిగాహెర్ట్జ్‌లలో ఏది వాడాలి? ఛానల్ మార్చాలా?

వేగం కావాలంటే 5, గోడలు దాటి దూరం పోవాలంటే 2.4. స్మార్ట్ బల్బులు, చవక కెమెరాలు ఎక్కువగా 2.4కే కలుస్తాయి. రెండింటికీ ఒకటే పేరు ఉండి కెమెరా కలవకపోతే, 'స్మార్ట్ కనెక్ట్' ఆపి రెండు పేర్లుగా విడదీయండి.

అపార్ట్‌మెంట్లలో 2.4కు ఛానల్ 1, 6, 11లలో ఒకటే వాడాలి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. మూడో ఛానల్ ఖాళీగా కనబడుతోందని అక్కడ పెడితే అది ఒకటి మీదా, ఆరు మీదా పడి, ఇద్దరి రొదా మీకే వినబడుతుంది. 5 గిగాహెర్ట్జ్‌లో 36 నుంచి 48, లేదా 149 నుంచి 161 మధ్య పెట్టండి. 52 నుంచి 144 దాకా ఉన్నవి రాడార్లతో పంచుకునేవి. రౌటర్ వాటిలో మొదలయ్యే ముందు కనీసం ఒక నిమిషం వింటుంది, రాడార్ తగిలితే ఛానల్ వదిలేస్తుంది. 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉన్నట్టుండి మాయమై మళ్లీ వచ్చేది చాలాసార్లు ఇందుకే.

300 ఎంబీపీఎస్ ప్లాన్. ల్యాప్‌టాప్‌కు వైరు పెట్టినా 95 దాటట్లేదు.

95 దగ్గర కచ్చితంగా ఆగుతోందంటే ఎక్కడో 100 ఎంబీపీఎస్ లింక్ ఉంది. రౌటర్ పోర్టులు గిగాబిట్ కాకపోవచ్చు, లేదా వైరులో ఎనిమిది తీగలకు నాలుగే పనిచేస్తుండవచ్చు. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. క్యాట్5ఈ వైరు కొత్తది వేసి చూడండి, లేదా రెండు చివర్లా పిన్ మళ్లీ కొట్టించండి.

డీఎన్ఎస్ మారిస్తే వేగం పెరుగుతుందా?

డౌన్‌లోడ్ వేగం పెరగదు. ఆపరేటర్ డీఎన్ఎస్ మొరాయిస్తుంటే సైట్లు తెరుచుకోవడం మెరుగవుతుంది. 8.8.8.8 గూగుల్‌ది, 1.1.1.1 క్లౌడ్‌ఫ్లేర్‌ది. పిల్లలున్న ఇంట్లో 1.1.1.3 పెడితే అశ్లీల సైట్లను చాలావరకు ఆపుతుంది.

మీరు పెట్టని, ఆపరేటర్‌ది కూడా కాని అడ్రస్ అక్కడ ఉంటే జాగ్రత్త. డీఎన్ఎస్ ఛేంజర్ అనే మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రాం) సరిగ్గా ఈ పనే చేసి జనాన్ని నకిలీ సైట్లకు పంపింది. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌తో వదిలేసిన రౌటర్లు ఇలాంటివాటికి తేలిగ్గా చిక్కుతాయి. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, 'రిమోట్ మేనేజ్‌మెంట్' (బయటినుంచి సెట్టింగ్స్ పేజీ తెరిచే వీలు) ఆపి ఉంచండి.

సీసీ కెమెరా బయటినుంచి చూడాలని పోర్ట్ ఫార్వర్డింగ్ చేశాను. పనిచేయట్లేదు.

పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే బయటినుంచి వచ్చేదాన్ని ఇంట్లో ఒక వస్తువుకు చేర్చే దారి. స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే ఆపరేటర్ మీ రౌటర్‌కు ఇచ్చిన అడ్రస్, చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య ఉన్నా, 10తో మొదలైనా మీకు సొంత పబ్లిక్ ఐపీ లేదు. ఒకే ఐపీని ఆపరేటర్ ఎన్నో ఇళ్లకు పంచుతున్నాడు. అప్పుడు మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటివాళ్లు మీ దాకా రాలేరు. అదనంగా డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ (మారకుండా మీకే ఉండే అడ్రస్) తీసుకోవాలి, లేదా కెమెరా కంపెనీ యాప్ ద్వారా చూడాలి. ఇంటికి యాప్ చాలు. పోర్టు తెరవడం అంటే ప్రపంచమంతటికీ తెరవడమే. 2016లో మిరాయ్ మాల్వేర్ చిక్కించుకున్నవి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌తో అలా వదిలేసిన కెమెరాలు, రౌటర్లే.

అమెరికా నుంచి మా అబ్బాయి తెచ్చిన రౌటర్ ఇక్కడ వాడవచ్చా?

అడాప్టర్ మీద ఇన్‌పుట్ 100-240 వోల్టులు అని ఉంటే సరే. 120 మాత్రమే ఉంటే పెట్టగానే కాలిపోతుంది, అదే వోల్టు, అదే ఆంపియర్ల అవుట్‌పుట్ ఉన్న అడాప్టర్ ఇక్కడ కొనండి. రౌటర్‌కు విడిగా వ్యాన్ ఈథర్నెట్ పోర్టు ఉండాలి. అక్కడి కేబుల్ టీవీ లైనుకు స్క్రూతో బిగించే మోడెమ్ రకమైతే ఇక్కడి ఫైబర్‌కు అది పనికిరాదు.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయాలా?

ఫర్మ్‌వేర్ అంటే రౌటర్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్. మీరు కొన్న రౌటర్‌కు చేయాలి. స్టిక్కర్ మీద మోడల్ పక్కన వీ1, వీ2 అని ఉండే హార్డ్‌వేర్ వెర్షన్‌కు సరిపోయేదే దించండి. కరెంటు పోయే వేళల్లో మొదలుపెట్టకండి, మధ్యలో ఆగితే బాక్సు లేవకపోవచ్చు. ఆపరేటర్ బాక్సును వాళ్లకే వదిలేయండి.

ఎర్ర లైటు వెలుగుతోంది. సెట్టింగ్స్‌లో ఏం మార్చాలి?

ఏమీ మార్చకూడదు. 'లాస్' ఎర్రగా ఉందంటే బాక్సులోకి వెలుతురే రావట్లేదు. ఫైబర్ వైరు తలుపు సందులో నలిగిందేమో, మంచం కాలి కింద పడిందేమో, ఆరు సెంటీమీటర్ల కన్నా చిన్న చుట్టగా చుట్టారేమో చూడండి. చివరను కంటికి ఎదురుగా పెట్టుకోవద్దు, అందులోని కాంతి కంటికి కనబడదు.

ఎర్ర లైటు లేకుండా నెట్ తరచూ పోతుంటే ఓఎన్‌టీ స్టేటస్‌లో 'ఆర్ఎక్స్ పవర్' (బాక్సుకు అందుతున్న వెలుతురు బలం) చూడండి. -15 నుంచి -25 డీబీఎం దాకా నిశ్చింత. -27కు చేరితే లైను అంచు మీద ఉన్నట్టే. ఆ విలువ మూడు దిగితే, అంటే -22 నుంచి -25కు వెళ్తే, వెలుతురు సగమైనట్టు లెక్క. ఆ అంకె ఫొటో తీసి ఆపరేటర్‌కు పంపితే 'రౌటర్ ఆపి వేయండి' అనే మాట ఆగి, లైన్‌మన్ బయల్దేరతాడు.

కరెంటు పోయి ఇన్వర్టర్‌కు మారినప్పుడల్లా రౌటర్ రీస్టార్ట్ అవుతోంది.

ఇన్వర్టర్ వెనక యూపీఎస్, నార్మల్ అనే స్విచ్ ఉంటే యూపీఎస్ వైపు పెట్టండి, మారే సమయం బాగా తగ్గుతుంది. లేదంటే రౌటర్లకు అమ్మే మినీ యూపీఎస్ కొనండి. అడాప్టర్ మీద 12 వోల్టులు ఉందో, 9 ఉందో చూసే కొనాలి. రెండు బాక్సులుంటే రెండింటికీ బ్యాకప్ కావాలి. ఓఎన్‌టీ ఆరిపోతే రౌటర్ ఒక్కటే వెలిగి లాభం లేదు.

ఇల్లు మారుతున్నాం. పాత రౌటర్ ఇచ్చేసే ముందు ఏం చేయాలి?

మీ సొంత రౌటర్‌ను ఎవరికైనా ఇచ్చేస్తుంటే అప్పుడు తప్పకుండా రీసెట్ చేయండి, లోపల మీ వైఫై, పీపీపీఓఈ పాస్‌వర్డ్‌లు ఉంటాయి. కంప్యూటర్‌లో దాచుకున్న బ్యాకప్ ఫైలులోనూ అవే ఉంటాయి కాబట్టి దాన్ని ఎవరికీ పంపకండి. ఆపరేటర్ బాక్సు అయితే అడాప్టర్‌తో సహా అప్పగించి, సీరియల్ నంబరు రాసిన రసీదు తీసుకోండి. డిపాజిట్ వెనక్కి అడిగేటప్పుడు అది అవసరమవుతుంది.